రెండో షెడ్డుకి పెంకులు

మార్చి 4, మంగళవారం

ఈ ఉదయం దాణా బండి ఒకటో షెడ్డులోకి వచ్చినప్పుడు ఒక పెట్ట తల తిప్పలేదు. మిగతావన్నీ ఇనపతీగల కేజీల్లోంచి మెడలు చాచి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇది మాత్రం ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, బస్సు తప్పిపోయిన మనిషిలా నిలబడి ఉంది. తురాయి పాలిపోయింది. కింద రెట్ట పసుపుగా ఉంది.

అక్కకి చెప్పాను. ఫారం అక్కది, మాట అక్కది. బావ మోటార్లూ పైపులూ చూసుకుంటాడు. నేను గుడ్లు ఏరి ట్రేల్లో సర్దుతాను.

"ఒక్క కోడి మూతి ముడుచుకుంటే దండోరా వెయ్యాలా?" అంది అక్క.

"నువ్వు రోజూ ముడుచుకుంటావు, నిన్నెవరైనా డాక్టరుకి చూపించారా?" అని నన్ను అడిగాడు బావ.

నేను మొహమాటస్తురాలినే గాని గుడ్డిదాన్ని కాదు. ఆ పెట్టకి జబ్బు. సందేహం లేదు.

మార్చి 5, బుధవారం

చచ్చిపోయింది. దాని పక్కవి కూడా.

మార్చి 6, గురువారం

డాక్టరమ్మ వచ్చింది. మోటారుసైకిలు గేటు బయటే ఆపి, బూట్లు మార్చుకుని లోపలికి నడిచింది. చచ్చిన పెట్టల్ని పంపు దగ్గర బండ మీద పెట్టి కోసి, కార్జం బయటికి తీసి చూపించింది. తోమని రాగిచెంబు రంగు. పైన పచ్చటి మెరుపు.

"టైఫాయిడ్," అంది.

బావ చెయ్యి పొట్ట మీదికి పోయింది. "నిన్ననే రెండు ఆమ్లెట్లు తిన్నానండీ!"

"కోళ్ళ టైఫాయిడ్. మనుషులకి రాదు. మీకు రాబోయేవి మీ ఆవిడ చేత తిట్లు."

తర్వాత నవ్వు ఆపి చెప్పింది. ఇది సూక్ష్మజీవి. రెట్టలోంచి, నీళ్ళలోంచి, చచ్చినవాటిని పొడిచిన ముక్కులోంచి పాకుతుంది. గుడ్డులోంచి కూడా. "దానంతటది నడిచి రాదమ్మా. ఎవరో, ఏదో మోసుకొస్తుంది. అదేమిటో కనిపెట్టండి. ముందు మాత్రం రెండో షెడ్డుని కాపాడుకోండి."

ఆ మాట అక్కకి వేరే చెప్పక్కర్లేదు. ఒకటో షెడ్డు పెట్టలకి వయసైపోతోంది, ఎలాగూ గుడ్లు తగ్గుతాయి. రెండో షెడ్డులోవి లేత పెట్టలు, నేడో రేపో మొదటి గుడ్డు పెడతాయి. అవి దక్కితే ఫారం ఉంటుంది. అవి కూడా పోతే గేటుకి తాళం వేసి బాబాయి బేకరీలో బన్నులు అమ్ముకోవడమే అంది అక్క. నవ్వుతూ అనలేదు.

డాక్టరమ్మ సంచీలో కోళ్ళ జబ్బుల మీద లావుపాటి పుస్తకం ఒకటి కనిపించింది. అడిగాను. నోరు తెరిచే అడిగాను.

"చదువుతావా, బొమ్మలు చూస్తావా?"

"చదువుతాను."

ఈ జబ్బు ఎలా వచ్చిందో నేను కనిపెడతాను. పరీక్షకి చదివినట్టు చదివితే దొరక్కేం?

మార్చి 7, శుక్రవారం

రెండు షెడ్ల గుమ్మాల ముందూ మందునీళ్ళ తొట్టెలు పెట్టించాను. ఒకటో షెడ్డు బూట్లు ఎర్రవి, రెండో షెడ్డువి నల్లవి. ఒక షెడ్డులో తిరిగిన మనిషి ఇంకో షెడ్డు గడప తొక్కకూడదు. ఇదంతా సుద్దముక్కతో పలక మీద రాసి గేటుకి వేలాడదీశాను.

"ఇంత రాసే బదులు నోటితో ఒక్క ముక్క చెప్పొచ్చుగా, పండితురాలా?" అన్నాడు బావ.

నేను చదివిన కాన్వెంట్లో మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట్లాడకూడదు. ఉప్పు కావాలంటే చూపుడువేలు ఎత్తాలి. పదేళ్ళు అలా తిన్నాక ఎవరికైనా మాటకంటే రాతే తేలిక.

పుస్తకంలో ఎలుకల గురించి బాగా రాశారు. దాణా గది వెనక మూడు కన్నాలు చూశాను. ఎలుకలే. సందేహం లేదు.

మార్చి 8, శనివారం

బేకరీ వ్యాను వచ్చే రోజు. గుడ్ల ట్రేలు ఎక్కించుకుని, పెంకుల బస్తా దించి వెళ్ళింది.

అక్క ఫారం పెట్టిన మొదటి వారం నుంచీ బాబాయి పెంకులు పంపిస్తూనే ఉన్నాడు. కేకులకి పగలగొట్టిన గుడ్ల పెంకుల్లో ఒక్కటి పారెయ్యడు. అవి దంచి దాణాలో కలుపుతాం. పెట్టేవాటికి సున్నం అందకపోతే గుడ్డు తోలుతిత్తిలా వస్తుంది. అందరూ సున్నపురాయి పలుకులు కొని వేస్తారు. బాబాయి ఒప్పుకోడు. "నా పిల్లల కోళ్ళు రాళ్ళు తినడమేమిటి?" అంటాడు. నాన్న పోయాక మా ఇద్దరినీ బేకరీ పైగదిలో పెంచింది ఆయనే. మమ్మల్ని పెంచడం పూర్తయిందని ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇదివరకు పెంకులు గోధుమరంగులో, మాడు వాసనతో వచ్చేవి. రొట్టెలు దించాక కట్టెల బట్టీలో మిగిలిన వేడికి పెట్టేవాడు. ఇప్పుడు మల్లెపూలలా తెల్లగా వస్తున్నాయి.

"కరెంటు ఓవెన్ కొన్నాక మీ బాబాయికే కాదు, ఆయన పెంకులకీ షోకు పట్టుకుంది," అన్నాడు బావ. "ఆ ఓవెన్‌కి అద్దం తలుపుట. లోపల లైటుట. బన్ను ఉబ్బుతుంటే కుర్చీ వేసుకుని సినిమాలా చూస్తున్నాట్ట."

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వ్యాను డ్రైవరు చెప్పులతో షెడ్డు గుమ్మం దాకా వచ్చాడు. మా గుడ్లు చాలక బాబాయి ఈమధ్య వేరే ఫారాలనుంచి కూడా తెప్పిస్తున్నాడు. ఆ ఫారాలన్నీ తిరిగేది ఈ చెప్పులే. ఎలుకలు కాదు. చెప్పులు. సందేహం లేదు.

మార్చి 9, ఆదివారం

ప్రతి ఆదివారం వెళ్ళేదాన్నే, ఇవాళ బేకరీకి వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని ఫోనులో చెప్పాను. బాగానే ఉంది.

మార్చి 12, బుధవారం

డ్రైవరుకి పలక చూపించి, ఎర్రబూట్లు ముందు పెట్టాను. తొడుక్కుని నాలుగడుగులు వేసి ఆగాడు.

"మేడమ్, ఇవి ఏనుగు సైజు. సర్కసులో జోకరుని చేసేశారు నన్ను."

పలక మీద 'తప్పదు' అని రాశాను.

"తప్పదంటే తప్పదు, వేసుకుంటాను. కాని నేనెప్పుడైనా గుమ్మం దాటానా? నన్ను దాటనివ్వకుండా బస్తానేగా మీరు లోపలికి లాక్కుంటారు?"

బస్తా దించి, ట్రేలు ఎక్కించుకుని, టపటపలాడుతూ వెళ్ళిపోయాడు.

గోనెబస్తాలు ఎక్కడెక్కడ పడి దొర్లుతాయో ఏమో. ఇక మీదట గోనెని మందునీళ్ళలో ముంచాలి. గోనె బస్తాలే అయి ఉండాలి.

మార్చి 13, గురువారం

నీళ్ళలో మందు కలిపినప్పటినుంచి చావులు తగ్గాయి. ఇవాళ ఒక్కటీ లేదు. బావ ఈల వేశాడు. డాక్టరమ్మ ఆ ఈల మధ్యలోనే ఆపింది.

"మందు చావుని ఆపింది, జబ్బుని కాదు. బతికినవి చూడ్డానికి బాగానే ఉంటాయి. తింటాయి, గుడ్లు పెడతాయి. కాని జబ్బుని కడుపులో పెట్టుకుని తిరుగుతాయి. పక్క షెడ్డులో లేత పెట్టల్ని పెట్టుకుని వీటిని ఉంచితే ఇంట్లో నిప్పు పెట్టుకున్నట్టే."

అక్క చాలాసేపు ట్రేలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. చివరికి అంది: "ఒకటో షెడ్డు ఖాళీ చేద్దాం. రెండోది ఉంటే చాలు."

"మరి ఎలా వచ్చిందో తేలిందా?" అని డాక్టరమ్మ బావని అడిగింది. "బయటినుంచి ఈ గేటులోపలికి వచ్చేవన్నీ ఒక్కసారి చెప్పండి."

బావ వేళ్ళు మడిచాడు. జొన్నలు, మొక్కజొన్న, తవుడు, మందులు, ఖాళీ ట్రేలు, డ్రైవరు. మళ్ళీ మొదటినుంచి మడిచాడు. పెంకులు ఆయనకి తట్టలేదు. అక్కకీ తట్టలేదు. బాబాయి పంపేదాన్ని మా ఇంట్లో ఎవరూ బయటి వస్తువనుకోరు.

డాక్టరమ్మ అడిగింది బావని. నన్ను కాదు.

మార్చి 14, శుక్రవారం

పుస్తకం దాదాపు అయిపోయింది. దాణా మీద ఉన్న అధ్యాయం ఒక్కటే మిగిలింది. రేపు.

మార్చి 15, శనివారం

పెంకుల బస్తా వచ్చింది. పుస్తకం తియ్యలేదు. కళ్ళు లాగుతున్నాయి.

మార్చి 16, ఆదివారం

పది పేజీలే. చదివాను.

చదవకముందు కూడా తెలుసు. డ్రైవరు బస్తా మాట అన్నప్పుడే తెలుసు. గోనె అని రాసుకున్నాను, అంతే.

దాణా గదిలోకి వెళ్ళి బస్తాలోంచి ఒక పెంకు తీసి లోపలివైపు వేలితో రుద్దాను. తెల్లగా, శుభ్రంగా ఉంది. వేలికి మాత్రం సన్నటి జిగురు తగిలింది. పచ్చి గుడ్డు తెల్లసొన. ఏ ఫారం గుడ్డుదో. కట్టెల బట్టీలో అయితే ఈ జిగురు మాడిపోయేది, దానితోపాటు అందులో ఉన్నది కూడా. ఇప్పుడు బాబాయి ఎండలో ఆరబెడుతున్నాడు, ఎండకి అది పైపైన ఆరుతుంది. కరెంటు ఓవెన్ స్విచ్చి తియ్యగానే చల్లారిపోతుంది. అందులో మిగిలే వేడి లేదు. పెంకులు కాల్చడం ఆగిపోయిందని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే అసలు కాలుస్తున్నామని ఎవరూ అనుకోలేదు. బట్టీ వేడి ఊరికే పోతుంది కదా అని పెట్టేవాడు బాబాయి.

రెండో షెడ్డుకి ఇంకా పెంకులు వెయ్యడం లేదు. మొదటి గుడ్డు పడ్డాకే వేస్తారు. అంచేత చెప్పడానికి టైముంది.

చెప్తాను. ఎలా చెప్పాలో చూసుకుని చెప్తాను.

మార్చి 18, మంగళవారం

ఒకటో షెడ్డు ఖాళీ. గొయ్యిలో సున్నం చల్లి పూడ్చారు. అక్క చివరిదాకా అక్కడే నిలబడింది. బావ ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

మార్చి 20, గురువారం

పొద్దున్నే రెండో షెడ్డులోంచి బావ కేక. అరచేతిలో గుడ్డు పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నిమ్మకాయంత ఉంది. దానిమీద చిన్న నెత్తుటి గీత.

"బోణీ అయింది! చూడు, ఎంత గుండ్రంగా పెట్టిందో! నాకే ఇంత బాగా పెట్టడం రాదు."

ఇన్నాళ్ళకి అక్క నవ్వింది. గుడ్డుని చెంపకి ఆనించుకుంది. "ఇంకేం చూస్తున్నావు? దాణాలో పెంకులు కలుపు. సున్నం లేకపోతే రేపటికి తోలుగుడ్లు పెడతాయి," అంది బావతో.

నేను గుడ్లగదిలోనే ఉండిపోయాను. దాణా కలిపే మిక్సరు మోటారు మొదలైన చప్పుడు వినిపించింది. పలక వెతికాను. గేటు దగ్గర ఉంది. నేను మిక్సరు దగ్గరికి వెళ్ళేసరికి బావ బస్తా మూతి విప్పి భుజం మీద ఎత్తుకున్నాడు.

"ఆపు!"

మోటారు హోరులో కూడా వినబడింది. బావ బస్తాతో సహా నావైపు తిరిగాడు.

"అరిచింది నువ్వా, మిక్సరా?"

"బస్తా దించు బావా. అందులోనే ఉంది."

"ఏముంది?"

"టైఫాయిడ్."

మోటారు ఆపేశాడు. అంతా చెప్పాను. బట్టీ, ఓవెన్, వేరే ఫారాల గుడ్లు, జిగురు. ఇంతసేపు నేను ఎప్పుడు మాట్లాడానో నాకే గుర్తులేదు. అక్క దగ్గరికొచ్చి బస్తాలోకి చూసింది.

"ఇవి బాబాయి పంపినవే," అంది.

"బాబాయి పంపినవే."

"ఆయన చేత్తో కడిగి, ఆరబెట్టి..."

"అవును."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం."

"నాలుగు రోజులు! నోట్లో ఏం పెట్టుకు కూర్చున్నావే? ఆ బస్తా మిక్సరులో గుమ్మరించి ఉంటే? ఇవి నా ఆఖరి కోళ్ళని తెలియదూ?"

తెలుసు. నిజానికి ఆదివారం కూడా కాదు.

బావ బస్తాని గేటు బయటికి మోసుకెళ్ళి పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. డాక్టరమ్మ వచ్చి కొన్ని పెంకులు సీసాలో వేసుకుంది. రెండో షెడ్డు పెట్టలకి రెక్క కింద సూదితో గుచ్చి రక్తం తీసింది. ఫలితం వచ్చేదాకా ఎవరూ సంబరపడొద్దంది.

"మరి మీ బాబాయికి ఎవరు చెప్తారు?" అన్నాడు బావ, కప్పు వైపు చూస్తూ. అక్క కూడా కప్పు వైపే చూసింది. కప్పులో ఏమీ లేదు.

"నేను," అన్నాను.

మార్చి 22, శనివారం

పెంకుల్లో అదే సూక్ష్మజీవి ఉందని పొద్దున్న తెలిసింది. పదకొండింటికి బేకరీలో ఉన్నాను.

బాబాయి గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. "రా అమ్మడూ! రెండు ఆదివారాలు ఎగ్గొట్టావు. మీ బావ నిన్ను కూడా కేజీలో వేశాడనుకున్నా."

"బాబాయ్, ఇంక పెంకులు పంపొద్దు."

"తక్కువవుతున్నాయా?"

"జబ్బు వాటితో వచ్చింది."

కౌంటరు తుడుస్తున్న గుడ్డ ఆగింది.

"కడిగానే తల్లీ. మూడు నీళ్ళు పోసి కడిగాను. డాబా మీద పరిచి, కాకులు రాకుండా పక్కనే కూర్చున్నాను."

"కడిగితే పోదు బాబాయ్. వేడి కావాలి. ఇదివరకు బట్టీ వేడికి పోయేది."

"అంటే అక్క షెడ్డు నేనే ఖాళీ చేశానన్నమాట."

"నువ్వు కాదు. సూక్ష్మజీవి."

"అంత చదువు చదివించినందుకు మాట బాగానే నేర్చావు." గుడ్డ మడత పెట్టాడు. విప్పి మళ్ళీ పెట్టాడు. "అక్కకి కోపంగా ఉందా?"

"నామీద ఉంది."

"నీమీద ఉంటే ఫరవాలేదు. నీకలవాటే." గుడ్డ గల్లా పక్కన పెట్టి, "పాత బట్టీ దొడ్లో అలాగే ఉంది, పడగొట్టలేదు," అన్నాడు.

"వద్దు. సున్నపురాయి తెప్పించాం. పెంకులు వద్దే వద్దు."

తల ఊపాడు. నేను వచ్చేటప్పుడు అక్కకిమ్మని బన్నుల పొట్లం కట్టాడు. దారం ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది.

బాబాయి నా మాట కాదనడు. సందేహం లేదు.

మార్చి 25, మంగళవారం

రెండో షెడ్డు శుభ్రం! ఒక్క పెట్టలో కూడా లేదు. ఇంకోసారి రక్తం తీసి చూడాలట, కాని డాక్టరమ్మ మొహం చూస్తే చాలు. పుస్తకం తిరిగిస్తే తీసుకోలేదు.

"ఉంచుకో. నాకంటే నీకే ఎక్కువ ఉపయోగపడింది."

బావ ఎర్రబూట్లతో రెండో షెడ్డు ముందు గంతులేశాడు. నల్లబూట్లు వేసుకోవాలని అరిచాను. అవును, అరిచాను. వారం రోజుల్లో రెండోసారి. అక్క నాతో మాట్లాడింది. "గొంతు బానే ఉందే నీకు" అంది.

సాయంత్రానికి మూడు ట్రేలు నిండాయి. నిమ్మకాయల్లాంటివి తగ్గి, గుడ్లలాంటి గుడ్లు వస్తున్నాయి.

మార్చి 26, బుధవారం

వ్యాను వచ్చింది. డ్రైవరు చెప్పకుండానే బూట్లు తొడుక్కుని, వెనకనుంచి బస్తా దించాడు.

"బాబాయిగారు పంపారు మేడమ్. 'ఇప్పుడు పనికొస్తాయని చెప్పు' అన్నారు. మూడు రోజులనుంచి పాత బట్టీ వెలిగిస్తున్నారు. తెల్లవారుజామునే లేచి ఈ పనే."

అక్క బస్తా విప్పింది. గోధుమరంగు పెంకులు. మాడు వాసన గుప్పుమంది. అక్క మొహం ఎంత తేటపడిందో! "చూశావా బాబాయిని! మాట పడ్డవాడు ఊరుకుంటాడా? ఇవైతే నిక్షేపంగా వెయ్యొచ్చు."

"వెయ్యొచ్చు. కాని వద్దు," అన్నాను.

"ఇప్పుడేమొచ్చింది? నువ్వు కాల్చమన్నావు, ఆయన కాల్చాడు."

"నేను కాల్చమనలేదు."

"నాలుగు పేజీలు చదివి నలుగురి మీదా పెత్తనం!"

అక్కతో వాదన పెట్టుకుంటే సాయంత్రమవుతుంది. వ్యాను ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను. "బేకరీకి. తొందరగా," అన్నాను. బూట్లు విప్పడం ఇద్దరం మరిచిపోయాం.

బేకరీలో గల్లా దగ్గర ఎవరూ లేరు. అద్దం తలుపు ఓవెన్‌లో లైటు వెలుగుతోంది, బన్నులు ఉబ్బుతున్నాయి. దొడ్డితలుపు తీశాను. పొగ. బాబాయి ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని బట్టీ ముందు వంగి ఉన్నాడు. చేతిలో ఇనపచువ్వ. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"బయటికి రా బాబాయ్."

"ఒక్క ట్రే ఉందమ్మా."

"బయటికి రా."

చువ్వ లాక్కుని, జబ్బ పట్టుకుని వీధివైపు తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. వెనక్కి వెళ్ళి కట్టెలు లాగి నీళ్ళు పోశాను. చల్లారాక దొడ్లో ఉన్న ఇటుకలు తెచ్చి బట్టీ మూతికి అడ్డంగా పేర్చాను. ఆయన లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాట్లాడబోయి, ఊపిరి కూడదీసుకుని, అప్పుడు మాట్లాడాడు.

"ఇంత పెత్తనం ఎవరు నేర్పారే నీకు?"

"నువ్వే."

"నా పిల్లల కోళ్ళకి నేను ఆమాత్రం కూడా..."

"పెంకులు నీ అద్దాల ఓవెన్‌లో కాలుద్దాం. ఆఖరి బన్నులు దించాక, స్విచ్చి తియ్యకుండా. వేడి ఎక్కడైనా వేడే."

"అందులోనా? వాసన పట్టుకుంటుంది! రేపు కేకు తిన్నవాడు కోడి అంటాడు."

"బుధవారం, శనివారం నేనొచ్చి తోముతాను."

"తోముతావా?"

"తోముతాను."

"అక్కకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు. ఇవాళ చెప్తాను."

"చెప్పనని ఒట్టేశావు."

"వేశాను. ఇవాళ చెప్తాను."

ఇటుకల వైపు చూశాడు. ఆఖరి ఇటుక వంకరగా ఉందని సరిచేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో అక్కకి చెప్పాల్సిన మాట మనసులో రెండుసార్లు అనుకున్నాను. పలక మీద రాయను. ఎదురుగా నిలబడి చెప్తాను. బాబాయి ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయనీ, ఇంక పొగ దగ్గరికి వెళ్ళకూడదనీ డిసెంబరులో పెద్దాసుపత్రిలో చెప్పారు. అప్పుడు ఆయన పక్కన కూర్చున్నది నేనొక్కదాన్నే. కరెంటు ఓవెన్ కొన్నది ఆ మర్నాడు.